కుంకుమ పట్టిన బిళ్ల

తొర్రూరు బస్టాండు వెనక సందులో నాకు అర్జీలు రాసే కొట్టు ఉంది. నా పేరు దుర్గయ్య. ఎవరికి ఏ అన్యాయం జరిగినా నాలుగు ముక్కలు రాసి, కింద సంతకమో వేలిముద్రో పెట్టించి, ఆఫీసులో ఇచ్చి రమ్మని పంపడం నా పని. ఆ కాగితాలు తర్వాత ఏమవుతాయో ముప్పై ఏళ్లుగా చూస్తున్నాను కాబట్టి నాకు కోపం ఎక్కువ. నా కొట్టుకూ పక్క కొట్టుకూ మధ్య ఒక్క రేకు గోడ. ఆ పక్క కొట్టు హరిలాల్‌ది. అతని కోపం ముందు నాది లెక్కలోకే రాదని తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

హరిలాల్ పాత కార్ల బిళ్లలు బాగుచేస్తాడు. కారు ముక్కు మీద కంపెనీ గుర్తు ఉంటుంది కదా, చక్రాల మూతల మీద గుర్తు, వెనక డిక్కీ మీద పేరు ఉంటాయి కదా, వాటన్నిటినీ మా వైపు బిళ్లలే అంటారు. ఎండకూ వానకూ తుడిచిన గుడ్డకూ అవి అరిగిపోతాయి. రంగు రాలుతుంది, పైపూత పొక్కులు లేస్తుంది. కొత్తవి కొందామంటే ఎక్కడా దొరకవు. అప్పుడు జనగామ నుంచి, మానుకోట నుంచి హరిలాల్‌ను వెతుక్కుంటూ వస్తారు. భూపాలపల్లిలో ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన తన పాత ఫియట్ బిళ్లను రుమాలులో మూటకట్టుకొని మూడు బస్సులు మారి వచ్చాడు. బాగైన బిళ్లను చూసి ఆయన ఏడ్చినంత పని చేశాడు.

ఆ పని చూడాలంటే ఓపిక ఉండాలి. ముందు బిళ్లను గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెడతాడు. పాత రంగును వెదురు పుల్లతో గీకుతాడు, ఇనుము తగలనివ్వడు. గుంటలు పూడ్చి, పైపూత కోసం వరంగల్ పంపి, తిరిగి వచ్చాక రంగు నింపుతాడు. దానికి కుంచె వాడడు. షుగర్ రోగులు పొడుచుకునే సన్న సూది తీసుకొని, అక్షరాల గాడిలోకి ఒక్కొక్క చుక్క వదులుతాడు. చుక్క తనంతట తాను పాకి మూలకు చేరాలి. ఆ సమయంలో పక్కన ఎవరైనా తుమ్మితే తిడతాడు. ఒకసారి నన్ను కూడా తిట్టాడు, రెండు రోజులు మాట్లాడుకోలేదు.

కొట్టు పెట్టిన కొత్తలో తన చేత్తోనే ఎర్ర అక్షరాలతో ‘బిళ్లల హరిలాల్’ అని బోర్డు రాసుకున్నాడు. నాకది నచ్చలేదు.

“జర మంచి పేరు పెట్టుకోరాదు? బిళ్లలేందిరా, మోటుగ?” అన్నాను.

అతను సూది కింద పెట్టాడు. “దుర్గన్నా, జనగామల మా బాపును ఏమంటరో ఎరికేనా? బిళ్లదొంగ అంటరు. హాస్టల్ల నన్ను బిళ్లదొంగ కొడుకు అనేటోళ్లు. ఏ బిళ్ల పేరు చెప్పి మా ఇజ్జత్ తీసిండ్రో, గా బిళ్లల పనే నేర్సుకున్న. ఈ సుట్టుపక్కల నేను తప్ప ఇంకొకడు లేకుంట నేర్సుకున్న. గా తెల్ల అంబాసిడర్ ఒక్కనాడన్న నా దుకాణం ముందర ఆగాలె. అందుకే పెట్టిన.”

ఆ రోజు అతను చెప్పిన సంగతి ఇది. హరిలాల్ తండ్రి లచ్చిరాం జనగామలో ఒక రోడ్డు కాంట్రాక్టరు దగ్గర పంతొమ్మిదేళ్లు ఆ తెల్ల అంబాసిడర్‌కు డ్రైవరుగా చేశాడు. తొంభై ఎనిమిదిలో దసరా రోజు కారు కడిగి పూజ చేశారు. మర్నాడు పొద్దున చూస్తే బానెట్ మీది బిళ్ల లేదు, రెండు బెజ్జాలు మిగిలాయి. కాంట్రాక్టరుకు ఆ కారంటే ప్రాణం. లచ్చిరాంను గేటు దగ్గరికి ఈడ్చుకొచ్చి, రెండు చేతులూ బానెట్ మీద పెట్టించి, వాడకట్టంతా చూస్తుండగా చెప్పుతో కొట్టాడు.

“తీస్కపోయి నీ పెండ్లాం రైకకు కుట్టించినవారా? అద్దాల నడుమ మంచిగ మెరుస్తదనుకున్నవా?” అన్నాడట, లంబాడీ రైకల మీది అద్దాల పనిని ఎత్తిపొడుస్తూ.

జనం నవ్వారు. ఆ నవ్విన వాళ్లలో చాలామంది ఇప్పటికీ హాయిగా బతికి ఉన్నారు, ఇది రాస్తుంటే నా ఒళ్లు మండుతోంది. నవ్వడంతో ఆగలేదు. కాంట్రాక్టరు మనుషులు నలుగురు జీపులో తొర్రూరు దగ్గరి తండాకు వెళ్లి, లచ్చిరాం భార్య గంగి పెట్టె బోర్లించి, ఆమె రైకలూ ఓణీలూ ఒక్కొక్కటి దులిపి చూశారు. పదకొండేళ్ల హరిలాల్ తల్లి పక్కన నిలబడి అంతా చూశాడు. బిళ్ల దొరకలేదు. దొరకలేదు కాబట్టి అమ్ముకున్నాడని తేల్చారు. తర్వాత జనగామలో ఎవరూ లచ్చిరాం చేతికి బండి తాళం ఇవ్వలేదు. స్టీరింగు పట్టిన మనిషి మానుకోటలో మిరప బస్తాలు మోశాడు, నడుము పడిపోయేదాకా మోశాడు.

హరిలాల్ పదో తరగతి తర్వాత మానుకోటలో బోర్డులు రాసే ఆయన దగ్గర కుంచె పట్టాడు, తర్వాత హైదరాబాదులో పూతపని చేసే ఒక ఉస్తాద్ దగ్గర ఏడేళ్లు ఉన్నాడు. పగతో కడుపు నిండుతుందా అని నేను వెటకారం చేసేవాణ్ణి. అతనికి నిజంగానే నిండింది. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు, సొంత కొట్టు. అయినా సందు మలుపులో ఏ తెల్ల కారు కనిపించినా సూది ఆపి తలెత్తి చూసేవాడు.

ఇరవై ఆరేళ్ల తర్వాత, నిరుడు చలికాలం చివర్లో ఆ కారు వచ్చింది. కాంట్రాక్టరు చనిపోయి చాలా కాలమైంది. కారు తెచ్చినవాడు ఆయన కొడుకు ప్రదీప్. హనుమకొండలో పాతకార్ల ప్రదర్శన ఉందట, తండ్రి పేరు మీద కారును అందులో పెడతాడట, ఇప్పటికే బంధువులందరికీ చెప్పేశాడట. మనిషి చెడ్డవాడేమీ కాదు, గలగలా మాట్లాడే రకం. హరిలాల్ ఎవరి కొడుకో అతనికి తెలియదు. చక్రాల మూతలు చూపించాడు, డిక్కీ మీది అక్షరాలు చూపించాడు, ఆఖరికి జేబులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీశాడు.

“ఇదిగో బానెట్ బిళ్ల. ఒరిజినల్! ఇల్లు మారేటప్పుడు దేవుడి గూట్ల దొరికింది. మా అమ్మ ఎన్నడో పెట్టి మర్సిపోయిందట.”

నేను రేకు గోడ పక్క నుంచి చూస్తున్నాను. హరిలాల్ కవరు తీసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. బిళ్లలన్నీ ఊడదీసుకొని, “ఎనిమిది రోజులు పడ్తది సార్,” అని మాత్రం అన్నాడు.

కారు వెళ్లిపోయాక వచ్చి ఆ బిళ్లను నా బల్ల మీద పెట్టాడు. అరచేతిలో పట్టేంత ఇత్తడి ముక్క. దాని కోసం ఒక మనిషి బతుకు పాడుచేశారు.

“సుత్తె తీస్కొని చితగ్గొట్టు,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

“చితగ్గొడితే వాళ్లకు పోయేది గీ బిళ్ల ఒక్కటే గదన్నా,” అన్నాడు.

తర్వాత భూతద్దం పెట్టుకొని చూడసాగాడు. బిళ్ల నిండా నల్లగా ఏదో గట్టిపడి ఉంది. నేను మురికి అనుకున్నాను. అతను సబ్బునీళ్లలో ముంచలేదు. వెదురు పుల్ల మొనతో ఒక అంచు లేపాడు. పెచ్చు ఊడింది. దాని పక్కలు చూపించాడు. ఎరుపు, కింద పసుపు, మళ్లీ ఎరుపు, మధ్యలో నూనె జిడ్డు, మళ్లీ పసుపు. పొర మీద పొర. ఇరవై రెండు దాకా లెక్కపెట్టాడు, తర్వాత అది పొడిపొడి అయిపోయింది.

“మర్సిపోయిన దాని మీద దుమ్ము పడ్తదన్నా,” అన్నాడు. “దీని మీద యాడాదికొక్కసారి పసుపు కుంకుమ పడ్డది. ప్రతి దసరాకు గా సార్ వాళ్లమ్మ దీన్ని చేతుల్లకు తీస్కున్నది.”

“దేవుడి బిళ్ల అనుకున్నదేమో.”

“గా కారు బిళ్లకు పంతొమ్మిది దసరాలు ఆమెనే కుంకుమ పెట్టింది. కారు తోలేటోడు మా బాపు, పక్కన పళ్లెం పట్టుకునేటోడు మా బాపు. ఆమెకు తెల్వదా?”

నా అలవాటు కొద్దీ తెల్ల కాగితం తీసి ‘గౌరవనీయులైన’ అని మొదలుపెట్టాను. హరిలాల్ కాగితం మీద చెయ్యి పెట్టాడు.

“నీ అర్జీ వద్దన్నా. దండం పెడ్త. ఆమె నోటితోని చెప్పాలె. మా బాపు బతికి ఉండంగనే చెప్పాలె.”

లచ్చిరాంకు అప్పటికే డెబ్బై మూడు. ఆ చలికాలంలో రెండుసార్లు దవాఖానాలో చేర్చారు.

ఆ ఎనిమిది రోజులూ హరిలాల్ మిగతా బిళ్లలు చేసిన తీరు నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. చక్రాల మూతల మీద రంగు వెంట్రుకవాసి కూడా గాడి దాటలేదు. డిక్కీ అక్షరాలు నిన్న పోతపోసినట్టు వచ్చాయి. పగవాడి బండికి ఇంత పని ఎందుకురా అని విసుక్కున్నాను.

“సూసినోడు మురిసిపోయి దగ్గరికి రావాలె. దగ్గరికొచ్చి, మరి ముందర బిళ్లేదని అడగాలె,” అన్నాడు.

ప్రదీప్ కారు తెచ్చాడు. హరిలాల్ బిళ్లలు బిగించాక కారు చుట్టూ తిరిగి మురిసిపోయాడు, ముందుకు రాగానే ఆగిపోయాడు. బానెట్ మీద రెండు బెజ్జాలు అలాగే ఉన్నాయి. హరిలాల్ తాను ఎవరి కొడుకో చెప్పాడు. కుంకుమ పెచ్చు చూపించాడు.

ప్రదీప్ మొహం మాడిపోయింది. “నేనప్పుడు వరంగల్ హాస్టల్ల ఉన్న తమ్మీ. నాకేం తెల్సు?”

“నీకు తెల్వదు సార్. అమ్మకు తెల్సు. అమ్మను మా తండాకు తోల్కరా. లచ్చిరాం దొంగ కాదని అందరి ముందర చెప్పాలె. చెప్తే గిది నా చేతులతోని కొత్త దాని లెక్క చేసి పెడ్త. చెప్పకపోతే గీ కుంకుమతోనే హనుమకొండకు తెస్త. నీ బండి పక్కన నిలబడి, వచ్చినోళ్లందరికి సూపిస్త.”

“నా వస్తువు నీ దగ్గర పెట్టుకున్నవని పోలీస్ స్టేషన్ల చెప్తే?”

హరిలాల్ నవ్వాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ నచ్చుతుంది. “చెప్పు సార్. లంబాడోడు బిళ్ల దొంగతనం చేసిండని చెప్పు. మల్లొక్కసారి.”

ప్రదీప్ కారెక్కి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఉలుకూ పలుకూ లేదు. మూడో రోజు ఫోను వచ్చింది. తల్లిని అడిగాడట. ఆమె వెళ్దాం పద అందట.

గురువారం పొద్దున నేనూ తండాకు వెళ్లాను. పిలవకపోయినా వెళ్లేవాణ్ణి. హరిలాల్ ఇల్లిల్లూ తిరిగి అందరినీ పిలిచాడు. లచ్చిరాం నులక మంచం మీద కూర్చున్నాడు, గంగి గుమ్మంలో నిలబడింది. కారు ఇంకా కనిపించనే లేదు, ముసలాయన తలెత్తాడు.

“రెండో గేరుల వస్తుండు. గా గతుకు కాడ మూడోదేస్తే ఇంజను ఆగుతదని తెల్వదు,” అన్నాడు. అన్నట్టే గతుకు దగ్గర ఇంజను ఆగింది. ఆయన మొహంలో చిన్న సంతోషం కనిపించింది.

ప్రదీప్ తల్లి కమలాదేవి దిగింది. డెబ్బై దాటిన మనిషి, కొడుకు చెయ్యి పట్టుకొని నడిచింది. ఎవరూ కుర్చీ వేయలేదు. ఆమె లచ్చిరాం ముందు నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని మొదలుపెట్టింది.

“దసరా నాడు పూజయినంక కుంకుమ మరకలు పోవాలని చింతపండుతోని తోముతుంటే ఊడి నా చేతికొచ్చింది. పండుగ పూట బిళ్ల ఊడిందంటే ఆయన నన్ను బతకనియ్యడని దేవుడి గూట్ల పెట్టిన. తెల్లారి నీకిచ్చి పెట్టిద్దామనుకున్న లచ్చిరాం. తెల్లారేటాలకు నిన్ను గేటు కాడ కొడుతున్నడు. నాకు నోరు రాలే.”

“తర్వాత?” హరిలాల్ అడిగాడు. “ఇరవై ఆరేండ్లు?”

“తర్వాత ఇంక రాలే,” అందామె. “నువ్వు దొంగతనం చెయ్యలే లచ్చిరాం.”

మొగుడి దెబ్బలకు ఆమె కూడా భయపడిందన్నమాట. నాకు ఒక్క క్షణం జాలి కలిగింది. మొగుడు చచ్చాక ఎవరికి భయపడిందో గుర్తుకు తెచ్చుకొని ఆ జాలిని వెనక్కి తీసుకున్నాను.

లచ్చిరాం చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. “ఇనబడలే అమ్మా. జర గట్టిగ.”

ఆమె మళ్లీ చెప్పింది. కొంగు తీసేసి చెప్పింది.

“ఊహుఁ. ముసలోణ్ణయిన. ఇంక జర గట్టిగ.”

అరమైలు దూరంలో గేరు మారిన చప్పుడు విన్న మనిషి! తండా జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కమలాదేవి మూడోసారి చెప్పింది, నాలుగోసారి గొంతు చీరుకుపోయేలా చెప్పింది. ప్రదీప్ ముందుకు వచ్చి, “చాలు పెద్దాయనా,” అన్నాడు. లచ్చిరాం అతని వైపు చూడనేలేదు.

“మా ముసలిదానికి తెలుగు రాదమ్మా,” అన్నాడు. “మా భాషల చెప్పు. లచ్చిరాం చోర్ కోని. దొంగ కాదు అని. అను.”

“లచ్చిరాం... చోరు...”

“చోరు గాదు. చోర్. చోర్ కోని.”

“లచ్చిరాం చోర్ కోని,” అంది కమలాదేవి. ఆమె కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. హరిలాల్ గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్నేళ్లుగా ఈ ఒక్క పూట కోసం బతికిన మనిషి. మొహం వెలిగిపోతోంది. బిళ్ల తీసి నాకు చూపించి, ఇక దీన్ని కడుగుతానన్నట్టు సైగ చేశాడు.

అప్పుడు గంగి గుమ్మం దిగింది. ఆమెకు తెలుగు రాదనడం లచ్చిరాం చమత్కారమే. తొర్రూరు అంగట్లో నలభై ఏళ్లు కూరగాయలు అమ్మిన మనిషి, నాతోనే ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు. ఆమె కమలాదేవిని దాటి నేరుగా కొడుకు ముందుకు వెళ్లింది.

“ఈమెను ఈడికెందుకు తెచ్చినవ్?”

“యాడీ, అందరి ముందర చెప్పించాలని...” అని తల్లికి చెప్పబోయాడు హరిలాల్.

“ఎవల ముందర? మన తండాల మీ బాపును ఎవలన్న దొంగ అన్నరా? ఒక్కలన్న అన్నరా? నా రైకలు దులుపుతుంటే గీ ఆడోళ్లందరు అడ్డం నిలబడ్డరు. వీళ్లకు ఎన్నడో తెల్సు. తెల్వంది జనగామోళ్లకు.”

ఆ సంగతి హరిలాల్‌కు తోచలేదు. అర్జీలు రాసే నాకూ తోచలేదు, సిగ్గేసింది. దొంగ అన్న మాట పుట్టిన చోటును వదిలేసి, ఆ మాట ఎన్నడూ నమ్మని వాళ్ల ముందు మేమిద్దరం పంచాయితీ పెట్టాం.

గంగి వెళ్లి కారు వెనక తలుపు తీసింది. “ఎక్కు,” అంది కమలాదేవితో. “మీ గేటు కాడ చెప్పు. ఆ నాడు నవ్వినోళ్ల గడప గడపకు చెప్పు.”

“అమ్మకు బాగ లేదు. మా వాళ్లందరు ఉంటరక్కడ,” అన్నాడు ప్రదీప్.

“ఉండాలె గద,” అంది గంగి.

కమలాదేవి కొడుకు వైపు చూసింది, బానెట్ మీది రెండు బెజ్జాల వైపు చూసింది. తర్వాత ఎక్కి కూర్చుంది. ఆమె పక్కన గంగి, గంగి పక్కన హరిలాల్. ముందు సీట్లో ప్రదీప్ పక్కన నేనూ లచ్చిరామూ ఇరుక్కున్నాం. గతుకు దగ్గర లచ్చిరాం, “రెండుల పోనియ్యి,” అన్నాడు. ఈసారి ఇంజను ఆగలేదు.

పాలకుర్తి దాటాక గంగి, “ఏమని చెప్తవో ఒకసారి చెప్పు,” అంది. కమలాదేవి చెప్పింది. “గట్ల గొణిగితే ఎవలింటరు?” అంది గంగి. మళ్లీ చెప్పించింది. నా రైకల సంగతి కూడా చెప్పాలె అని అది కూడా కలిపించింది. జనగామ వచ్చేవరకు ఒక్క మాట తప్పు పోకుండా చెప్పిస్తూనే ఉంది, హరిలాల్ తల కిటికీ వైపు తిప్పుకొని కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

కాంట్రాక్టరు పాత ఇంటి గేటు ముందు కారు ఆగేసరికి పన్నెండయింది. వీధిలో మనుషులు తిరుగుతున్నారు. ఒకరిద్దరు కారును గుర్తుపట్టి ప్రదీప్‌కు చెయ్యి ఊపారు. కమలాదేవి దిగలేదు, సీటు అంచు పట్టుకొని కూర్చుంది.

గంగి ఒక్కతే దిగి, రోడ్డు దాటి, ఎదురింటి తలుపు తనే కొట్టింది.